ఐజాక్ గీసిన బొమ్మలు, మన పేచీలు

అమెరికా టీవీ సిరీస్ 'హీరోస్' చూసినవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే మాట తిరిగి తిరిగి ఒక పేచీ దగ్గరికే వస్తుంది. అందులో జరగబోయేదాన్ని ముందే గీసే చిత్రకారుడు ఐజాక్ మెండెజ్. అతను గీసింది జరిగి తీరుతుందా, తప్పించవచ్చా? ఎన్‌బీసీ ఛానల్‌లో మొదటి ఎపిసోడ్ 2006 సెప్టెంబరు 25న వచ్చింది. ఇన్నేళ్లయినా ఈ తగువు తీరలేదు. ఒక పక్షంవాళ్లు పీటర్ అనే పాత్ర చావు బొమ్మను చూపించి, గీసింది గీసినట్టే జరిగింది కదా అంటారు. అవతలి పక్షంవాళ్లు, మరి పేలిపోతుందని గీసిన న్యూయార్కు నిలబడే ఉందిగా అంటారు. నేను ఇద్దరితోనూ పోట్లాడాను, ఇప్పటికీ పోట్లాడుతూనే ఉన్నాను. బొమ్మ నిజమా అబద్ధమా అన్నది మొదటి సీజన్‌లో పెద్ద సమస్యే కాదని నా వాదన. ఆ బొమ్మ ఎవరి కంట పడింది, చూసినవాళ్లు దానికి ఏ అర్థం చెప్పుకున్నారు, ఆ అర్థాన్ని పట్టుకుని ఎక్కడికి బయల్దేరారు అన్నదే కథంతా. ఆ సంగతి రచయితలకు గుర్తున్నంత కాలం సిరీస్ బతికింది. మరిచిపోయాక ఎన్ని శక్తులు, ఎంతమంది వీరులు వచ్చినా లేవలేదు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. (చూడబోయేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మేలు. కథంతా బయటపెట్టబోతున్నాను.) ఐజాక్ న్యూయార్కులో ఉండే చిత్రకారుడు, హెరాయిన్‌కు బానిస. మత్తులో ఉన్నప్పుడు అతని కళ్లు పూర్తిగా తెల్లబడిపోతాయి, చెయ్యి మాత్రం గీస్తూ పోతుంది. తేరుకున్నాక చూస్తే అక్కడ ఇంకా జరగని సంగతి బొమ్మగా ఉంటుంది. అతనే ఒక కామిక్ పుస్తకం కూడా గీస్తుంటాడు. టోక్యోలో ఆఫీసు ఉద్యోగం చేసుకునే హీరో నకమురాకు (హీరో అన్నది అతని పేరే) కాలాన్ని ఆపడం, దూరాల్ని దాటడం చేతనవుతుంది. అతను కళ్లు మూసుకుని తెరిచేసరికి న్యూయార్కులో ఉంటాడు. అక్కడ ఆ కామిక్ కొని తెరిస్తే అందులో ఉన్నది తన బొమ్మే, తను ఆ నిమిషంలో చేస్తున్న పనే. ఐజాక్ ఇల్లు వెతుక్కుంటూ వెళితే పుర్రె కోసిన శవం కనిపిస్తుంది. తేదీ చూస్తే నవంబరు 8, అంటే అయిదు వారాలు ముందుకు వచ్చిపడ్డాడు. కాసేపటికి నగరం పేలిపోతుంది. ఇదంతా రెండో ఎపిసోడ్‌కే అయిపోతుంది. ఇరవై మూడు ఎపిసోడ్ల సీజన్‌లో ముగింపును ఇంత తొందరగా చూపించేసి, ఇక చూడండి అని కూర్చోబెట్టడానికి ధైర్యం కావాలి.

తెర మీద కనిపించే ఆ బొమ్మలు గీసింది టిమ్ సేల్, 2022లో కన్నుమూసిన కామిక్ చిత్రకారుడు. ఆయన గీత ఎందుకు సరిపోయిందో ఇప్పుడు చూస్తుంటే బాగా తెలుస్తుంది. కామిక్ గీసే మనిషికి ఒక గడిలో ఎంత చూపాలో, ఎంత దాచాలో తెలుసు. ముందు గడి, వెనక గడి లేకుండా ఒక్క గడిని కోసి ఇచ్చారనుకోండి, అది చెప్పేది నిజమే అయినా కథ తెలియదు.

పీటర్ పెట్రెల్లి బొమ్మనే తీసుకుందాం. టెక్సస్‌లోని ఒడెస్సాలో ఒక హైస్కూలు మెట్ల దగ్గర పీటర్ నెత్తుటి మడుగులో పడి ఉంటాడు. చనిపోయాడని చెప్పడానికి శీర్షిక అక్కర్లేదు. అన్న నేథన్ ఆ బొమ్మను సంపాదించి, తమ్ముడి కంట పడకూడదని దాని మీద రంగు పులిమేస్తాడు. అయినా సంగతి పీటర్‌కు తెలిసిపోతుంది. తెలిసి కూడా బయల్దేరతాడు, ఎందుకంటే అక్కడ ఒక చీర్‌లీడర్‌ను కాపాడాలని భవిష్యత్తునుంచి వచ్చిన హీరో అతనికి చెప్పి ఉన్నాడు. తొమ్మిదో ఎపిసోడ్‌లో, శక్తులున్నవాళ్లను చంపి ఆ శక్తులు లాక్కునే సైలర్‌తో పెనుగులాడుతూ ఇద్దరూ పైనుంచి కింద పడతారు. మెట్ల దగ్గర పీటర్ ఒళ్లు బొమ్మలో ఉన్నట్టే పడి ఉంటుంది. కెమెరా అక్కడ కాసేపు ఆగుతుంది, మనం బొమ్మను గుర్తుపట్టేంత వరకు. అప్పుడు ఆ చీర్‌లీడర్ క్లెయిర్ దగ్గరికి వస్తుంది. ఆమె గాయాలు వాటంతటవే మానిపోతాయి, పీటర్ ఎవరి దగ్గరుంటే వాళ్ల శక్తి అతనికి అబ్బుతుంది. విరిగిన ఎముకలు అతుక్కుని అతను లేచి కూర్చుంటాడు. బొమ్మ పొల్లుపోలేదు. తర్వాతి గడిలో ఏముందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక్కడ 'మారుతుంది' పక్షానికి నేను వేసే ప్రశ్న ఒకటుంది. ఆ బొమ్మే లేకపోతే పీటర్ ఆ మెట్ల మీద పడేవాడా? ఒడెస్సా వెళ్లే పనే ఉండేది కాదు. 'మారదు' పక్షానికీ ఒక ప్రశ్న ఉంది. జరిగిందంతా బొమ్మలో ఉన్నట్టే జరిగినా, ఆ బొమ్మ చూసి నేథన్ భయపడ్డదేదీ జరగలేదు కదా, దాన్ని ఏమనాలి? మనకు ఇది కొత్త కాదు. ఆకాశవాణి పలకకపోతే కంసుడు చెల్లెలిని, బావను చెరలో పెట్టేవాడు కాదు. జోస్యం కథ బయట నిలబడి చెప్పే మాట కాదు, అది చెవిన పడిన క్షణంనుంచి కథలో ఒక పాత్ర అయిపోతుంది.

ఆ చీర్‌లీడర్ సంగతీ ఇలాంటిదే. ఆ దుస్తుల్లో ఉన్న అమ్మాయి చచ్చిపడి ఉన్న బొమ్మ ఒకటి ఉంది. చూసిన ప్రతివాళ్లూ అది క్లెయిరే అనుకున్నారు, తెర ఇవతల మనం కూడా. చనిపోయింది జాకీ. మంటల్లోంచి మనిషిని బయటికి లాగింది నేనే అని క్లెయిర్ చేసిన పనిని తన ఖాతాలో వేసుకున్న అమ్మాయి. పత్రికలో ఆమె ఫోటో పడింది, సైలర్ ఆమె కోసమే వచ్చాడు. "చీర్‌లీడర్‌ను కాపాడు, లోకాన్ని కాపాడు" అన్న వాక్యాన్ని చొక్కాల మీద వేసుకు తిరిగిన అభిమానులున్నారు. ఆ రాత్రి ఒక చీర్‌లీడర్‌ను ఎవరూ కాపాడలేదన్న మాట ఎంతమంది అన్నారు? నాకు తెలిసినవాళ్లలో ఒకావిడ మాత్రం ఎప్పుడు ఈ ఎపిసోడ్ ప్రస్తావన వచ్చినా జాకీ పేరు ఎత్తేది. మేము విసుక్కునేవాళ్లం. ఆవిడ పట్టుకున్నదే అసలు కొస అని ఇప్పుడు గట్టిగా అంటాను. బొమ్మ నిజం కావడానికి జాకీ ప్రాణం కావలసి వచ్చింది, క్లెయిర్ అని చదివినవాళ్ల లెక్కలో ఆ అమ్మాయి లేనేలేదు.

డైనోసార్ బొమ్మ దగ్గర అభిమానుల ఊహలు ఎంత దూరం పోయాయో తలుచుకుంటే నవ్వు వస్తుంది. కత్తి ఎత్తిన హీరో ఎదురుగా నోరు తెరిచిన టీ-రెక్స్. కాలంలో వెనక్కి వెళ్లగలిగేవాడు కాబట్టి కోట్ల ఏళ్ల వెనక్కి వెళతాడని లెక్కలు వేసినవాళ్లున్నారు. తీరా చూస్తే అది న్యూయార్కు మ్యూజియంలో ఉన్న ఎముకల గూడు. హీరో అక్కడ కత్తి దొంగిలించి దాని ముందు నిలబడతాడు. ఆ కత్తి కూడా నకలే. మోసం చేశారని కొందరు అలిగారు. నాకైతే అదే ఆ సీజన్‌లో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న హాస్యం అనిపిస్తుంది. బొమ్మలో ఉన్నది ఉన్నట్టే చూపించారు, ఊహించుకున్నదంతా మనమే.

ఇలా చదవడాన్ని సిరీస్ ఒక గదిలో కళ్లకు కట్టినట్టు చూపించింది. ఇరవయ్యో ఎపిసోడ్‌లో హీరో, అతని స్నేహితుడు ఆండో పొరపాటున అయిదేళ్లు ముందుకు వెళతారు. న్యూయార్కు అప్పటికే పేలిపోయింది. ఐజాక్ పాత ఇంట్లో ఈ గోడనుంచి ఆ గోడకు దారాలు కట్టి ఉంటాయి. దారాలకు వేలాడుతూ ఫోటోలు, పత్రికల కత్తిరింపులు. ఎవరి దారం ఎవరి దారాన్ని ఎక్కడ దాటిందో, ఎక్కడ ఒక ముడి విప్పితే మిగతావన్నీ వదులవుతాయో కనిపెట్టడానికి గడ్డం పెంచుకుని, వీపున కత్తి కట్టుకున్న భవిష్యత్తు హీరో ఏళ్ల తరబడి చేసిన పని అది. ఆ గది మధ్యలో నిలబడితే దారాలకు తగలకుండా నడవడం కష్టం. క్లెయిర్‌ను సైలర్ చంపకుండా ఆపితే గాయాలు మానే శక్తి అతనికి దక్కదు, దక్కకపోతే అతన్ని చంపవచ్చు, అతను చస్తే పేలుడు ఉండదు. ఇదీ అతని లెక్క. దారాలన్నీ సరిగ్గానే కట్టాడు. పేలింది మాత్రం పీటర్. ఎంతో తెలిసిన మనిషి, కాలం చేతిలో ఉన్న మనిషి, జరిగిపోయినదాన్ని కూడా తప్పుగా చదివాడు.

ఆ గదిని చూసినప్పుడు చాలామంది అభిమానులకు తమ గది గుర్తొచ్చి ఉంటుంది. వారమంతా ఒక్కో దృశ్యాన్ని ఆపి ఆపి చూసి, వెనకాల గోడ మీద ఏ బొమ్మ ఉందో రాసుకుని, సోమవారం రాత్రి కోసం ఎదురుచూసిన కాలం అది. ఇదంతా పనిలేని ముచ్చట అని ఈసడించినవాళ్లతో నేను ఎప్పుడూ ఏకీభవించలేదు. వినోదం కోసం తీసినదాంట్లో తర్కం వెతకడమేమిటని వాళ్ల మాట. బొమ్మను ఎలా చూడాలో నేర్పింది ఆ సిరీసే. కథలో పీటర్, నేథన్, హీరో ఏం చేస్తున్నారో మనమూ అదే చేశాం. వాళ్లలాగే తప్పులూ చదివాం. ప్రేక్షకుడిని అలా పనిలో పెట్టిన సిరీస్, తీరా లెక్క అడిగేసరికి ఇది కాలక్షేపమే కదా అని తప్పుకోవడం కుదరదు.

లిండర్మన్ దగ్గరికి వస్తే ఈ చదువు ఎంత భయంకరంగా మారుతుందో తెలుస్తుంది. ఐజాక్ బొమ్మలు కొని దాచుకునే కోటీశ్వరుడు. నగరం పేలిపోతుందని అతనికీ తెలుసు, పెట్రెల్లి సోదరుల తల్లి ఏంజెలాకూ తెలుసు. పీటర్ ఆ బొమ్మను హెచ్చరికగా చూశాడు, వీళ్లు పథకంగా చూశారు. పోయేది ప్రపంచ జనాభాలో 0.07 శాతమే, మిగిలినవాళ్లు ఆ భయంతో ఒక్కటవుతారు అని లిండర్మన్ చెప్పే లెక్క. పంతొమ్మిదో ఎపిసోడ్ పేరే ఆ అంకె. అప్పటి జనాభా 660 కోట్లు అనుకుంటే అది 46 లక్షల పైచిలుకు మనుషులు. శాతంగా చెప్పినప్పుడు ఎంత చిన్నగా వినిపిస్తుందో చూడండి! రెండు గోపురాలు కూలి అప్పటికి అయిదేళ్లే అయిన నగరం గురించి ఆ మాట అనిపించారు, అమెరికా ప్రేక్షకులకు అది ఉత్త కల్పనగా వినిపించి ఉండదు.

అదే ఎపిసోడ్‌లో ఐజాక్ చనిపోతాడు. రెండో ఎపిసోడ్‌లో హీరో చూసిన శవం అదే. తన చావు తానే గీసుకున్నాడు కాబట్టి సైలర్ వచ్చేసరికి అతనిలో తత్తరపాటు ఉండదు, చివరి బొమ్మలను ముందే పంపించేసి కూర్చుంటాడు. కామిక్ ఆఖరు సంచికలో సైలర్‌ను హీరో కత్తితో పొడిచే గడి ఉంది. అందరిలోకీ తన బొమ్మను సరిగ్గా చదివినవాడు దాన్ని గీసినవాడే.

చివరి ఎపిసోడ్ మీద నిత్యం వినే ఫిర్యాదు మీకూ తెలిసే ఉంటుంది. పీటర్ పేలబోతుంటే నేథన్ ఎగురుకుంటూ వచ్చి అతన్ని ఆకాశంలోకి తీసుకుపోతాడు. పీటర్‌కు కూడా ఎగిరే శక్తి ఉంది కదా, తనే పోవచ్చుగా? ఈ ప్రశ్న అడిగినవాళ్ల తెలివి మీద నాకు అనుమానం లేదు, వాళ్లు చూస్తున్న చోటు మీదే నా అభ్యంతరం. లిండర్మన్ నేథన్‌కు ఒక బొమ్మ చూపించి ఉంటాడు, అధ్యక్షుడి కార్యాలయంలో నేథన్ నిలబడి ఉన్న బొమ్మ. ఆ సీజన్ మొత్తంలో భవిష్యత్తు తనకు అనుకూలంగా కనిపించిన మనిషి దాదాపు ఇతనొక్కడే. మిగతావాళ్లంతా చావును తప్పించుకోవడానికి పరుగులు పెడితే, ఇతను అందలాన్ని కాదనుకుని తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. పీటర్ ఒక్కడే ఎగిరిపోతే ఒక ప్రమాదం తప్పేది, అంతే. నేథన్ వచ్చాడు కాబట్టి ఒక బొమ్మను ఒక మనిషి కావాలని వదులుకోవడం చూశాం.

పైగా ఆ బొమ్మలోనూ మెలిక ఉంది. అయిదేళ్ల తర్వాతి లోకంలో అధ్యక్షుడి కుర్చీలో ఉన్నది నేథన్ ముఖమే, లోపల ఉన్నది సైలర్. నేథన్‌ను చంపి అతని రూపం వేసుకున్నాడు. అంటే లిండర్మన్ చూపించిన బొమ్మ నేథన్‌దేనా అని కూడా చెప్పలేం! ఈ మాట మొదట అన్న అభిమాని ఎవరో కాని, ఆ మనిషికి దణ్ణం పెట్టాలి. ఇది విన్నాక నేను ఆ సీజన్‌ను మళ్లీ మొదటినుంచి చూశాను.

రెండో సీజన్‌లో ఈ పద్ధతి ఒక్కచోట ఇంకా పనిచేసింది. ఐజాక్ వదిలి వెళ్లిన ఎనిమిది బొమ్మల్లో ఒకటి, క్లెయిర్ పెంపుడు తండ్రి నోవా కంటిలోంచి తూటా దిగి పడి ఉన్న బొమ్మ. అది కూడా అక్షరాలా జరిగింది. జన్యుశాస్త్రవేత్త మొహిందర్ కాల్చాడు, కళ్లద్దం పగిలింది, మనిషి పోయాడు. తర్వాత క్లెయిర్ రక్తం ఎక్కించి లేపారు. పీటర్ మెట్ల మీద ఆడిన ఆటే మళ్లీ ఆడారు కాబట్టి ఈసారి ఎవరూ ఉలిక్కిపడలేదు. పైగా చచ్చినవాళ్లను లేపే రక్తం ఒకటి సీసాలో దొరుకుతుందని తెలిశాక ఏ చావు బొమ్మకు విలువ ఉంటుంది?

అసలు దెబ్బ కేట్లిన్ దగ్గర తగిలింది. ఐర్లండ్‌లో పీటర్ ఇష్టపడిన అమ్మాయి. అతను ఆమెను వెంటబెట్టుకుని 2008 జూన్‌లోకి వెళతాడు. మహమ్మారి సోకి న్యూయార్కు ఖాళీ అయిపోయి ఉంటుంది. అక్కడినుంచి పీటర్ ఒక్కడే వెనక్కి వస్తాడు, ఆమె అక్కడే ఉండిపోతుంది. తర్వాత ఆ వైరస్ బయటికి పొక్కకుండా ఆపుతారు, ఆ భవిష్యత్తు రద్దయిపోతుంది. కేట్లిన్ ఏమైంది? సిరీస్ చెప్పలేదు. పీటర్ ఆమె కోసం వెతకలేదు, బాధపడలేదు, కొన్నాళ్లకు పేరు కూడా తలవలేదు. అభిమానుల మధ్య ఇది వేళాకోళంగా మారిపోయింది, ఎవరైనా ఏదైనా పోగొట్టుకుంటే కేట్లిన్ దగ్గరుందేమో చూడు అనేంతగా. నాకు మాత్రం నవ్వు రాదు. జరగకుండా పోయిన కాలంలో చిక్కుకున్న మనిషి ఉన్నట్టా, లేనట్టా? భవిష్యత్తును మార్చడం మంచి పని అని ఒకటిన్నర సీజన్‌గా చెప్పుకొచ్చిన కథకు ఇంతకన్నా కష్టమైన ప్రశ్న దొరకదు. అది కాళ్ల దగ్గరికి వచ్చి పడితే దాటుకుని వెళ్లిపోయారు. జాకీ చనిపోయినప్పుడు కనీసం ఆమె శవం బొమ్మలో ఉంది. కేట్లిన్‌కు ఆ పాటి గడి కూడా దక్కలేదు.

సమ్మె వల్లే ఇలా జరిగిందంటారు. అమెరికాలో రచయితల సంఘం సమ్మె 2007 నవంబరు 5న మొదలై 2008 ఫిబ్రవరి 12న ముగిసింది. రెండో సీజన్ పదకొండు ఎపిసోడ్లకే తెగిపోయింది. ఇది నిజం. అయితే సృష్టికర్త టిమ్ క్రింగ్ ఆ నవంబరులోనే ఒక పత్రికతో మాట్లాడుతూ, కథ నెమ్మదిగా సాగిందని, హీరోను జపాన్‌లో ఎక్కువకాలం ఉంచేశామని ఒప్పుకున్నాడు. సమ్మెకు ముందు రాసినవాటి సంగతే అది. పైగా మూడో సీజన్‌కు ఇరవై అయిదు ఎపిసోడ్లు దొరికాయి. పీటర్ చేత ఆ అమ్మాయి గురించి ఒక్క మాట అనిపించడానికి అంత చోటులో ఖాళీ లేదా?

మూడో సీజన్‌లో భవిష్యత్తు చూసేవాళ్లు పెరిగిపోయారు. ఏంజెలాకు కలలొస్తాయి, ఆఫ్రికాలో ఉసుటు రాళ్ల మీద గీస్తాడు, ఎదుటివాళ్ల మనసులో మాట వినగల మ్యాట్ పార్క్‌మన్ కళ్లూ తెల్లబడతాయి. భవిష్యత్తునుంచి వచ్చిన పీటర్ ఏకంగా సొంత అన్ననే కాలుస్తాడు. బొమ్మ బదులు పాత్రలే నేరుగా రేపటిలోకి వెళ్లి తిరిగి వస్తుంటే చదవడానికి మనకేం మిగిలింది? అక్కడ కనిపించేది ఎలాగూ రద్దవుతుందని ప్రేక్షకుడికి ముందే తెలుసు. అందుకే మా మాటలు కూడా మారిపోయాయి. మొదట్లో ఒక బొమ్మ మీద గంటలు గడిచేవి, తర్వాత తర్వాత ఎవరి శక్తి ఎవరు లాక్కున్నారు, ఎవరు ఎవరి కొడుకు అని పట్టికలు వేసుకోవడంతో సరిపోయేది. 2010 ఫిబ్రవరి 8న నాలుగో సీజన్ ముగిసేసరికి వాదించడానికి ఎవరికీ ఓపిక లేదు. 2015లో మళ్లీ పదమూడు ఎపిసోడ్లు తీశారు, చూశాను, దాని గురించి చెప్పేదేమీ లేదు.

ఇంత వాదించాక 'మారుతుంది' పక్షం నన్ను ఎప్పుడూ ఇరుకున పెట్టే చోటు ఒకటుందని చెప్పకపోతే న్యాయం కాదు. మొదటి ఎపిసోడ్‌లోనే మత్తు మితిమీరిన ఐజాక్ ఇంటి నేల మీద గీసిన పెద్ద బొమ్మ, మంటల్లో న్యూయార్కు. చివరికి పేలుడు జరిగింది ఆకాశంలో, నగరం మీద కాదు. మెట్ల బొమ్మ, కత్తి బొమ్మ, కంటి బొమ్మ అన్నీ నా వాదనకు అమరుతాయి, ఇదొక్కటి అమరదు. అంత ఎత్తున వెలిగిన మంట నేలనుంచి చూస్తే నగరమే అంటుకున్నట్టు కనిపించి ఉంటుందని నా స్నేహితుడొకడు సాగదీసి చెబుతాడు. నాకు అది అతుకులా అనిపిస్తుంది. ఆ తర్వాత ఐజాక్ మత్తు లేకుండా గీయడం నేర్చుకున్నాడు కాబట్టి, మత్తులో గీసినవాటిని, తెలివిలో గీసినవాటిని వేరువేరుగా చూడాలన్న వాదన కొంత నయం. అయితే మెట్ల బొమ్మ ఏ రకం, నోవా బొమ్మ ఏ రకం అని వరుసగా తేల్చాలి. ఎవరైనా మొదటి సీజన్ మళ్లీ చూస్తుంటే, ప్రతి బొమ్మ దగ్గరా ఆపి, ఆ పూట ఐజాక్ ఏ స్థితిలో ఉన్నాడో రాసిపెట్టండి. జాబితా దొరికితే వాదన మళ్లీ మొదలుపెడదాం.